తలుపు మూసింది నేనే

నా ముక్కు మీద నాకు మహా నమ్మకం. వీధిలో నడుస్తూ ఎవరింట్లో ఏ తాలింపు పడిందో చెప్పేస్తాను. పట్టుపురుగులు సాకేవాళ్ళకు కళ్ళెంత ముఖ్యమో ముక్కూ అంతే ముఖ్యం. మల్బరీ తోట పక్కన మేం కట్టుకున్న షెడ్డును పురుగుల మనె అంటాం. అందులోకి ఎవరొచ్చినా ముందు గుమ్మం దగ్గర నిలబెట్టి వాసన చూస్తాను. అగరొత్తుల వాసన, తలలో మల్లెపూల వాసన, వెల్లుల్లి ఒలిచిన చేతి వాసన, ఏదున్నా లోపలికి రానివ్వను. అన్నిటికన్నా చెడ్డది నొప్పులకు రాసుకునే మందు వాసన. అది తగిలితే పురుగు మేత వదిలేస్తుందని మా అత్త నాకు నేర్పింది. ఆమెకు వాళ్ళ అత్త నేర్పిందట. కోలారు జిల్లాలో మా బేతమంగళ చుట్టుపక్కల పురుగులు పెట్టే ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెబుతారు.

ఆ వాసన వంకతో ఆరేళ్ళపాటు ఒకామెను గుమ్మంలోంచి వెనక్కి పంపుతూ వచ్చాను. ఆమె మా ఊరి కోడలే. పుట్టిల్లు బైరకూరు. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. మాకు ఆకు కోయడానికి వచ్చేది. కొడవలి పడితే ఇద్దరు మగవాళ్ళ పని ఒక్కతే చేసేది. మొగుడు టెంపో తోలేవాడు, ఇక్కడి టమాటాలు కోలారు మార్కెట్టుకు వేసుకుపోయేవాడు. బయట చూస్తే నెమ్మదస్తుడు. ఎదురుపడితే ‘ఏమ్మా, పంట బాగుండాదా’ అని పలకరించి గానీ పోడు.

నెలకు రెండుసార్లో మూడుసార్లో ఆమె ఒంటి మీద ఆ మందు వాసన వచ్చేది. గుమ్మంలోనే ఆపేసేదాన్ని. వాసన ఉండాది, ఇంటికి పో, రేపు స్నానం చేసి రా అనేదాన్ని. ఆమె అలాగేనక్కా అని తిరిగి వెళ్ళిపోయేది. ఏ ఇంట్లో ఆ మందు అవసరం పడిందో సరిగ్గా ఆ ఇంటికే పంపేదాన్ని. ఇప్పుడు ఈ ముక్క రాస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

నాకు తెలియదని చెబితే అబద్ధం. ఆకు మోపు తలకెత్తేటప్పుడు ఆమె మెడ మీద వేళ్ళ గుర్తులు చూశాను. ఒక పంటలో వారమంతా కుడి చెయ్యి పైకి లేవక ఎడమ చేత్తో కోసింది. చూసి, చూడనట్టు ఆకు సంగతే మాట్లాడాను. ఒకసారి తోటలో అందరం ఉన్నప్పుడు ‘మొగుడు కొట్టినందుకు కాదుగానీ తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట’ అన్న సామెత వచ్చింది. చెప్పింది నేనే. పగలబడి నవ్విందీ నేనే. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, గుర్తుండాలి కూడా.

ఆమె మాకు ఆకు కోసిన చివరి పంట మేము పెట్టిన వాటిలోకెల్లా పెద్దది. చాకీ కేంద్రంలో కొంత పెంచి ఇచ్చే పిల్ల పురుగులను ఒక ఆదివారం తెచ్చుకున్నాం. అక్కణ్ణుంచి మా ఇంట్లో తేదీలుండవు, వారాలుండవు. పురుగు మేత మాని, తల ఎత్తుకుని, కదలకుండా ఉండి పాత చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. గుడ్డు నుంచి గూడు దాకా నాలుగు జ్వరాలు. చాకీ వాళ్ళు రెండో జ్వరం లేపి ఇస్తారు. మిగిలిన రెండూ మన దగ్గర. పెళ్ళి పిలుపొచ్చినా, చుట్టాలొచ్చినా, ఫలానా జ్వరం లేచిన ఎన్నో దినమని లెక్క చెప్పుకుంటాం.

నాలుగో జ్వరం లేచి మూడో దినం. పొద్దున పదకొండు గంటలు కావస్తోంది. నేను లోపల ఆకు పరుస్తున్నాను. ఆమె తోటలో కోస్తోంది. ఆ రోజూ మందు వాసనతోనే వచ్చింది, లోపలికి రావద్దు, బయటి పని చూడు అన్నాను. ఉన్నట్టుండి అరుపులు. తనకు అన్నం పెట్టకుండా పనికి వచ్చేసిందని మొగుడు తోటలోకి వచ్చాడు. మనె గుమ్మానికి రెండు తలుపులుంటాయి. ఊజి ఈగ రాకుండా లోపల జాలీ తలుపు, దానిపైన చెక్క తలుపు. ఊజి ఈగ వచ్చి పురుగు మీద గుడ్డు పెట్టిందంటే ఆ పురుగు ఇంక మనది కాదు. ఆ మూడో దినం పురుగుకు మహా ఆకలి, ఈగకూ మహా ఇష్టం. అందుకని జాలీ తలుపుకు గడియ పెట్టే ఉంచాను.

ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి జాలీని రెండు చేతులా పట్టుకుంది.

"అక్కా, తలుపు తియ్యక్కా. ఈయప్ప నన్ను సంపుతాడు."

జాలీ ఇవతల నేను, అవతల ఆమె. మధ్యలో జానెడు దూరం. వాడు వెనకనుంచి జుట్టు పట్టి లాగాడు. ఆకు కోసేసిన మల్బరీ కట్టె చేతిలో ఉంది, దాంతో వీపు మీద కొట్టాడు, కింద పడితే కాలితో తన్నాడు. పట్టపగలు, ఎండలో, అంతా చూశాను. అప్పుడు నా బుర్రలో ఏముందో చెబుతాను వినండి. తలుపు తీస్తే ఈగ వస్తుంది. ఆమె లోపలికొస్తే వాసన వస్తుంది. వాడు లోపలికొస్తే తట్టలన్నీ తన్నేస్తాడు. ఇంతే ఉంది. చెక్క తలుపు కూడా మూసి గడియ పెట్టుకున్నాను. ఆమె పాక్కుంటూ వచ్చి కొడుతూనే ఉంది తలుపును. నేను వెళ్ళి తర్వాతి అరలో ఆకు పరిచాను.

తర్వాతి మంగళవారానికి పురుగు పండింది. పండిన పురుగులను ఏరి గూడు కట్టుకోవడానికి చంద్రికలనే వెదురు తడికల మీద వేస్తున్నాం. ఆమె మిద్దె మెట్ల మీంచి జారిపడి చనిపోయిందని కబురొచ్చింది. కళ్ళు తిరిగాయట. మొగుడే టెంపోలో ఆస్పత్రికి తీసుకుపోయాడట, దారిలోనే పోయిందట. పురుగు గూడు కట్టే వేళ చావింటికి పోకూడదు, మైల తగులుతుందని మా ఆచారం. నేను పోలేదు. ఆరేళ్ళు నాతో పనిచేసిన మనిషి ముఖం చివరిసారి చూడలేదు.

తలకు తగిలిన దెబ్బలు మెట్ల మీద పడితే తగిలేవి కావని డాక్టరు రాశాడు. హత్య కేసైంది. పోలీసులు తోటకొచ్చి అడిగారు. చూసింది చెప్పాను, మూసిన తలుపు సంగతి మాత్రం మింగేశాను. ఎప్పుడు జరిగిందంటే నాలుగో జ్వరం లేచి మూడో దినం అన్నాను. ఆ కానిస్టేబులు ఎక్కడివాడో, పురుగుల సంగతి తెలియనివాడు. వారం చెప్పమ్మా అని రెండుసార్లడిగి, నేను తడబడుతుంటే తనే చావుకు ముందటి వారం సోమవారం అని రాసుకున్నాడు. చంద్రికలు ఎండలోంచి లోపల పెట్టాలి, నాకు తొందర. చదవకుండా సంతకం పెట్టేశాను. చదువు రాక కాదు, పదో తరగతి ప్యాసయ్యాను.

కేసు కేజీఎఫ్ కోర్టుకు వచ్చేసరికి ఏడాది దాటింది. సాక్షి సమన్లు మా ఇంటికొచ్చిన రోజే ఆమె మొగుడి అన్న వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఆయన కేకలేయలేదు. మెత్తగా చెప్పాడు. ‘కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మా, మన ఊరి గుట్టు మనమే కోర్టుకెక్కించుకోవాలా’ అన్నాడు. కడుపెవరిది, కాళ్ళెవరివి, చిరిగిందెవరికి అని అడగాలనిపించింది. మా ఆయన పక్కనే ఉన్నాడని ఊరుకున్నాను. ఆయన పోయాక మా ఆయన కూడా అదే పాట. ఏమీ చూడలేదని చెప్పేసి వచ్చెయ్, మనకెందుకు అన్నాడు. మూడు దినాలు ఆయనతో మాట్లాడలేదు. నాలుగో దినం తనే బస్సు దాకా వచ్చి దిగబెట్టాడు.

కోర్టు వరండాలో బెంచీ మీద ఆమె తల్లి కూర్చుని ఉంది. బైరకూరు నుంచి ప్రతి వాయిదాకూ వస్తుందట. ఆ ముసలామె కళ్ళలోకి చూడలేకపోయాను. సర్కారు వకీలు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. మెట్ల దగ్గర ఏం జరిగిందో చూసినవాళ్ళెవరూ లేరు. ఆమె మొగుడు చెప్పే కథ ఒకటే, తామిద్దరూ అన్యోన్యంగా ఉన్నామని, ఆమె కళ్ళు తిరిగి పడిందని. అంతకు ముందు కొట్టిన సంగతి కోర్టు వింటేనే డాక్టరు మాటకు బలం. వినకపోతే ఆమె మెట్ల మీంచి పడినట్టే రాసి మూసేస్తారు. ‘నీ మాట రికార్డులోకి రానివ్వకూడదని వాళ్ళ లాయరు గట్టిగా చూస్తాడు, చూసింది చూసినట్టు చెప్పు, ఊళ్ళో విన్నది కలపొద్దు’ అన్నాడు. అప్పుడు మూసిన తలుపు సంగతి ఆయనకు చెప్పాను. ఆయన అది కూడా చెప్పమన్నాడు.

బోనెక్కాను. అతను ఎదురుగా తెల్లచొక్కా వేసుకుని నిలబడ్డాడు. నేను మొదటి రెండు మాటలు చెప్పగానే వాళ్ళ లాయరు లేచాడు. ఒకరోజు పెళ్ళాన్ని కొట్టాడని ఇంకో రోజు చంపాడంటే ఎలా అని వాదించాడు. ఇక్కడ విచారణ ఆ మంగళవారం సంగతి మీదేగానీ మనిషి మంచివాడా చెడ్డవాడా అని కాదన్నాడు. చచ్చిపోయిన మనిషి ఏదో అన్నదని ఈమె చెబితే, ఆ చచ్చిపోయినామెను నేను తిరిగి ప్రశ్నించగలనా అన్నాడు. ఆ మాటల్లో బొత్తిగా న్యాయం లేదనను. రేపు నా కొడుకు మీద ఎవరైనా కేసు పెడితే, వాడు ఎనిమిదో తరగతిలో దొంగిలించిన మామిడికాయలన్నీ తెచ్చి బల్ల మీద పెడితే నేనూ ఒప్పుకోను.

జడ్జిగారు ఇద్దరి మాటా విన్నారు. ఆయన కన్నడంలో చెప్పింది నాకు బాగానే అర్థమైంది. ఇతను చెడ్డవాడని తేల్చడానికి ఈ సాక్ష్యం వినడం లేదు. మా మధ్య ఏ గొడవా లేదని ఇతనే అంటున్నాడు, ఆ మాట నిలుస్తుందా లేదా చూడటానికి వింటాను. చావుకు కొద్ది రోజుల ముందు చంపుతాడని ఆమె అరిచి ఉంటే అది చావుకు సంబంధం లేని మాట కాదు. లాయరు అభ్యంతరం రాసుకుంటాను, ఎంత విలువ ఇవ్వాలో తీర్పులో తేలుస్తాను. సాక్షి తన కళ్ళతో చూసింది, తన చెవులతో విన్నది మాత్రమే చెప్పాలి. అంతే చెప్పాను. వాసన చెప్పాను, మెడ మీద వేళ్ళు చెప్పాను, లేవని చెయ్యి చెప్పాను, జాలీ చెప్పాను.

తర్వాత వాళ్ళ లాయరు నా దగ్గరికొచ్చాడు. తెలుగువాడే, తీయగా మాట్లాడాడు. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో సోమవారం అని ఉంది, ఆ సోమవారం పొద్దుననుంచి పొద్దుగూకేదాకా తన కక్షిదారు ముళబాగిలు దగ్గర పెళ్ళిలో ఉన్నాడని ఫోటోలు తీసి చూపించాడు. ఫోటోల్లో అతను నిజంగానే ఉన్నాడు, విస్తరి ముందు కూర్చుని. ఈ సంతకం నీదే కదా అన్నాడు. నాదే అన్నాను.

"అయితే నువ్వు చెప్పిందంతా అబద్ధమే కదమ్మా?"

"సోమవారం అని నేను చెప్పలేదు సామీ, ఆ పోలీసాయప్ప రాసుకున్నాడు, నేను చదవకుండా చేవ్రాలు పెట్టినాను. సోమవారం మా పురుగు జ్వరంలో ఉండినాది. జ్వరంలో ఉండే పురుగుకు ఎవురూ మేత పెట్టరు. మేతే లేని దినం ఆకు కోసే మనిషిని ఎవురన్నా పనికి పిలుస్తారా?"

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. మీకు పురుగు జ్వరమే క్యాలెండరా అని లాయరు కూడా నవ్వాడు. అవునన్నాను. నా ఒంట్లో ఎక్కడ దాగిందో ఆ కోపం, అప్పుడు బయటికొచ్చింది. మీరు నవ్వండి సామీ, మీరు పెళ్ళిళ్ళకు కట్టుకునే పట్టుపంచె కూడా ఆ క్యాలెండరు లెక్కలోనే వచ్చిందన్నాను. జడ్జిగారు నవ్వలేదు. విడమర్చి చెప్పమన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆదివారం చాకీ దించినాము. ఆది, సోమ, మంగళ మేత. బుధవారం మూడో జ్వరం. గురువారం లేచినాది. గురువారం నుంచి ఆదివారం దాకా మేత. సోమవారం నాలుగో జ్వరం. మంగళవారం లేచినాది. మంగళ ఒకటి, బుధ రెండు, గురు మూడు. జడ్జిగారు బల్ల మీది క్యాలెండరు ముందుకు లాక్కుని నాతో పాటే పెన్ను పెట్టి లెక్కపెట్టారు. గురువారం అన్నారు. తర్వాతి వాయిదాకు చాకీ కేంద్రం మనిషిని పిలిపిస్తే, మాకు పురుగులిచ్చింది ఆదివారమే అని రిజిస్టరు చూపించాడు. గురువారానికి అతని దగ్గర ఏ పెళ్ళీ లేదు, ఏ ఫోటో లేదు.

కానీ ఆ రోజు లాయరు చివర్లో ఒక ప్రశ్న దాచుకున్నాడు. నాకు తెలుసు వస్తుందని. తల్లి లోపలికొచ్చి గోడ పక్కన నిలబడి ఉంది.

"నీ కండ్ల ముందర ఒగ ఆడమనిషిని అంత ఘోరంగా కొడతా ఉంటే నువ్వు తలుపు మూసుకుంటావా? మూసుకున్నావంటే ఆడ అంత ఘోరం ఏమీ జరగలేదనే కదమ్మా?"

"మూసినాను సామీ. గడియ గూడా పెట్టినాను. అది నా తప్పు. నా తప్పును తీసకపోయి ఆయప్ప మంచితనంలో కలపొద్దండి. నేను తలుపు మూస్తే నాకు కనబడకుండా పోయినాయిగానీ, ఆయమ్మకు దెబ్బలు తగలకుండా పోలేదు."

లాయరు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. జడ్జిగారు నా మాటను టైపిస్టుకు కన్నడంలో చెప్పి రాయించారు. సంతకం పెట్టమని కాగితాలు తెచ్చారు. ఈసారి చదవకుండా పెట్టనన్నాను. కన్నడం చదవడానికి నాకు కొంచెం టైము పడుతుంది. కోర్టంతా కాచుకుని ఉంది. ఉండనీ అనుకుని ప్రతి అక్షరం చదివాను. గడియ పెట్టానన్న మాట అందులో లేదు. అది కూడా రాయండి అన్నాను. రాశారు. అప్పుడు పెట్టాను సంతకం.

బయటికొచ్చాను. తల్లి వచ్చి నా ఎదురుగా నిలబడింది. తిట్టినా పడదామని నిలబడ్డాను, కొట్టినా పడదామనే.

"ఎంతసేపు కొట్టినాదమ్మా నా బిడ్డ, తలుపును?"

"ఒగ అరకు ఆకు పరిచేంతసేపు."

ఆమె తల ఊపింది. తన బిడ్డ నోరులేనిదని, ఎంత కొట్టినా గమ్మున పడేదని ఇన్నాళ్ళూ అందరూ చెప్పారట. చేతకాని బిడ్డను కన్నానని కుమిలిపోయిందట. నా బిడ్డ అరిచినాది, అడిగినాది, ఇంగ అది కాగితం మీద ఉండాది అంది. నన్ను క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు. ఆమె బైరకూరు వైపు బస్సెక్కింది, నేను బేతమంగళ బస్సెక్కాను. కిటికీలోంచి కనబడే కేజీఎఫ్ బంగారు గని మట్టి దిబ్బలు దాటేదాకా ఏడ్చాను.

కొన్ని నెలలకు తీర్పొచ్చింది. యావజ్జీవం. పాత దెబ్బలను బట్టి అతన్ని దోషిని చేయడం లేదని, కానీ ఆ గురువారాన్ని పక్కన పెట్టి మంగళవారాన్ని అర్థం చేసుకోలేమని జడ్జిగారు రాశారట. వాళ్ళు హైకోర్టుకు పోతారంటున్నారు. పోనీ. అక్కడికి రమ్మన్నా పోతాను, మూడో దినం గురువారమే అని అక్కడా చెబుతాను. ఊళ్ళో కొందరు నాతో మాట మానేశారు. పాల డెయిరీ దగ్గర నేను క్యాన్ పట్టుకుని నిలబడితే ముందున్నవాళ్ళు జరిగి నిలబడతారు. మంచిదే, నా పాలు తొందరగా పోస్తున్నాను.

మొన్నటి పంటలో ఆకు కోతకు ఒక కొత్త కోడలు వచ్చింది. క్యాసంబళ్ళి పిల్ల, పెళ్ళై ఏడాదైనా కాలేదు. నాలుగో జ్వరం లేచి రెండో దినం అది. మోపు తెచ్చి గుమ్మానికి మూడడుగుల దూరంలో దించి అక్కడే ఆగిపోయింది. నా పద్ధతి ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

"వాసన ఉండాదక్కా. నేను బయటే ఉంటాను."

నాకు అంతకు ముందే తెలిసింది. చెప్పాను కదా, నా ముక్కు అలాంటిది. చెక్క తలుపు తీసే ఉంది, జాలీ తలుపు కూడా బార్లా తీశాను. ఆ పిల్ల భయపడి పురుగులుండాయక్కా అంది. ఉండనీ అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, అరల మధ్య పీట మీద కూర్చోబెట్టాను. ఆ పంట ఎలా వచ్చిందని మాత్రం అడక్కండి. ఆరేళ్ళు ఒక మనిషిని అడగని మాట ఆ రోజు అడిగాను.

"ఎవురు కొట్టినారు?"